వినరాని ధ్వని

గర్భవతి పొట్టపై చల్లని జిగటపదార్థమును పూసి, చిన్న పరికరమును త్రిప్పుచుండగా తెరమీద లోపలి శిశువు కనబడుట మనలో పలువు రెఱిగినదే. ఆ బొమ్మను గీయునది వెలుగు గాదు, ధ్వని.

మనుష్యుని చెవి సెకనునకు సుమారు 20,000 కంపనములవఱకే వినగలదు. వైద్యులు వాడు ధ్వనికి సాధారణముగా 20 లక్షలు మొదలు 150 లక్షలవఱకు కంపనము లుండును. పరికరమందలి సన్నని పలకలు విద్యుత్తు తగిలినపుడు కంపించి ధ్వనిని పుట్టించును. ప్రతిధ్వని వచ్చి తాకినపుడు మరల విద్యుత్తును పుట్టించును. పలుకు నోరును విను చెవియు నొకటియే యన్నమాట! ఒత్తిడిచే విద్యుత్తు పుట్టు నీ గుణమును కొన్ని స్ఫటికములందు 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి.

ఇక లోతు తెలియుట యెట్లు? మెత్తని శరీరభాగములందు ధ్వని సెకనునకు సుమారు 1,540 మీటర్లు పోవును. పంపిన ధ్వని, సెకనును పదిలక్షల పాళ్లు చేసినచో అందు 130 పాళ్ల కాలమునకు తిరిగివచ్చిన దనుకొందము. గుణించిన 20 సెంటీమీటర్లగును. అది పోకయు రాకయు గూడిన దారి గనుక లోతు 10 సెంటీమీటర్లే. లెక్క చేయునపుడు మేమును మొదట ఈ సగమును మఱచితిమి.

జిగటపదార్థము మందు గాదు. నడుమ గాలి యున్నచో ధ్వని చర్మముకడనే మరలిపోవును. అందుకే ఆ పూత.

పదార్థము మాఱు సరిహద్దున ధ్వని కొంత మరలును. తేటనీటి నడుమ మరలదు. కావున గట్టి గడ్డకును నీటితిత్తికిని భేదము తెలియును. ఇయాన్ డొనాల్డు, మాక్వికరు అను వైద్యులును, బ్రౌను అను ఇంజనీరును గ్లాస్గో నగరమున తాము చేసిన యిట్టి పరీక్షలను 1958లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. జీర్ణకోశమున రాచపుండనియు, శస్త్రమునకు లొంగదనియు నెంచబడిన యొక స్త్రీని డొనాల్డు ఈ ధ్వనితో పరీక్షింపగా, అది అండాశయపు తిత్తి యని తేలెను. దానిని కోసి తీసివేసిరి. ఆమె కోలుకొనెను.