తాజా కొలతలకు, రైతుల ప్రశ్నలకు మెమరీలో జాబితా

పొలంలో అమర్చిన నేల తేమ సెన్సర్ ప్రతి 15 నిమిషాలకు ఒక కొలతను పంపితే రోజుకు 96 కొలతలు చేరుతాయి. నీటి తడిపై సలహా ఇవ్వడానికి ప్రధానంగా కావలసినవి తాజా కొలతలే. ఇటువంటి అవసరానికి మెమరీ ఆధారిత డేటాబేస్‌లోని జాబితా నిర్మాణం అనువైనది.

ఈ తరగతిలో ప్రసిద్ధి పొందిన రెడిస్ పుట్టుకకు మూలం కూడా ఇటువంటి అవసరమే. ఇటలీకి చెందిన సాల్వటోరే సాన్‌ఫిలిప్పో నిర్వహించిన సేవ, ప్రతి వెబ్‌సైటుకు వచ్చిన తాజా సందర్శనలను ఎప్పటికప్పుడు చూపవలసి ఉండేది. డిస్కుపై ఆధారపడిన డేటాబేస్‌తో ఆ వేగం సాధ్యపడక, ఆయన 2009లో రెడిస్‌ను విడుదల చేశారు.

ఎల్‌పుష్ ఆదేశం కొత్త కొలతను జాబితా మొదట చేరుస్తుంది. వెంటనే ఎల్‌ట్రిమ్ ఆదేశంతో 0 నుండి 95 వరకు గల స్థానాలను మాత్రమే నిలిపితే, అన్నింటికంటే పాత కొలత తొలగిపోతుంది. జాబితా ఎంత పొడవైనదైనా, కొనల వద్ద ఒక అంశాన్ని చేర్చడానికి లేదా తీయడానికి పట్టే కాలం పెరగదు. నడుమనున్న అంశాన్ని వెదకడానికి మాత్రం పొడవును బట్టి కాలం పెరుగుతుంది. జాబితా అంశాలను లెక్కిస్తుందే గాని గంటలను లెక్కించదు. సెన్సర్ కొంతసేపు ఆగితే 96 కొలతలు ఒక రోజుకు సమానం కావు. కనుక ప్రతి కొలతతో పాటు సమయాన్నీ నమోదు చేయాలి.

జాబితా రెండవ ప్రయోజనం పనులను వరుసలో ఉంచడం. తెగుళ్లపై రైతులు పంపిన ప్రశ్నలు ఒక కొనన చేరి, రెండవ కొన నుండి వచ్చిన క్రమంలోనే పరిశీలనకు వెళతాయి. అయితే ఆర్‌పాప్ ఆదేశంతో తీసిన క్షణమే ప్రశ్న జాబితా నుండి తొలగిపోతుంది. దానిని స్వీకరించిన ప్రోగ్రామ్ నడుమ నిలిచిపోతే ఆ ప్రశ్న ఎక్కడా మిగలదు. రైతుకు జవాబు అందదు. దీనికి పరిష్కారం 6.2 వెర్షన్‌లో వచ్చిన ఎల్‌మూవ్ ఆదేశం. ఇది ప్రశ్నను ఒకే చర్యలో 'పరిశీలనలో ఉన్నవి' అనే మరొక జాబితాకు మారుస్తుంది. జవాబు పంపిన తరువాతనే ఎల్‌రెమ్ ఆదేశంతో దానిని తొలగించాలి. అక్కడ ఎక్కువసేపు నిలిచిపోయిన ప్రశ్నలను తిరిగి వరుసలో చేర్చవచ్చు.

విద్యుత్తు పోతే మెమరీ ఖాళీ అవుతుంది. అందువల్ల ప్రతి మార్పును డిస్కుపై ఫైలులో నమోదు చేసే సౌకర్యాన్ని రెడిస్‌లో అమలుపరచాలి. సెకనుకొకసారి డిస్కుకు చేర్చే అమరికలో చివరి సెకను సమాచారం పోయే అవకాశం ఉంటుంది. పరిశోధనకు దీర్ఘకాలం అవసరమయ్యే కొలతలను జాబితా నుండి తొలగించక ముందే శాశ్వత డేటాబేస్‌లో భద్రపరచడం తప్పనిసరి.