మీకు తెలుసా? కడప కొండల్లో సముద్రపు ఇసుక

మైలవరం జలాశయానికి ఎగువన, గండికోట లోయ అంచున మీరు నిలబడే బండ ఒకప్పుడు లోతులేని సముద్రం కింది ఇసుక.

భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని గండికోట క్వార్ట్‌జైట్ అంటారు. ఇసుక రేణువుల సందుల్లో సిలికా పేరుకుని అంతా ఒకే రాయిగా బిగుసుకుపోయింది. ఎంత గట్టిగా అంటే, సుత్తితో కొడితే పగులు రేణువుల చుట్టూ తిరగదు, వాటి గుండానే పోతుంది.

దీనికంటే పాత పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల ఒకటి పులివెందుల దగ్గర ఉంది. దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని 2008లో ప్రచురించిన కొలతల్లో తేలింది. గండికోట ఇసుక ఆ తర్వాతిదే. అయినా చేపలు, చెట్లు అప్పటికింకా పుట్టనేలేదు. ఇక్కడ గవ్వల కోసం వెతకడం దండగ!

వెతకాల్సింది అలల చారల కోసం. అందరూ లోయ ముందు ఫొటోలు దిగుతారు గానీ కాలికింది బండను చూసేవాళ్లు తక్కువ. చార రెండువైపులా ఒకేలా వాలి ఉంటే అలలు ముందుకూ వెనక్కూ ఊగాయని గుర్తు. ఒకవైపు నిటారుగా ఉంటే నీరు ఆ దిక్కుకే పారిందన్నమాట. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం కనిపించవు, ఆ వేళ నడక కూడా మంచిది కాదు.

గండికోటలోని కోట గోడలు కట్టిందీ స్థానికంగా దొరికిన రాయితోనే. లోయ అంచు దాకా నడవలేనివాళ్లు గోడలనే దగ్గరగా చూడొచ్చు.