వాయువు గట్టి ప్లాస్టిక్‌గా ఎలా మారుతుంది?

మామిడికాయలను పండించే ఇథిలీన్ ఒక వాయువు. దాని అణువులో రెండే కార్బన్లు. అలాంటి అణువులు వేలకొద్దీ వరసగా అతుక్కుంటే పాలిథిలీన్. అతుక్కోవడమే కష్టం. మొదట్లో వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు మించి ఒత్తాల్సి వచ్చేది. అంత చేసినా గొలుసులకు కొమ్మలు మొలిచి మెత్తటి ప్లాస్టిక్కే వచ్చేది.

జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ బృందం అల్యూమినియం సమ్మేళనంతో ఈ గొలుసులు పెంచాలని చూసింది. ఓసారి నాలుగు కార్బన్ల దగ్గరే ఆగిపోయాయి. ఎందుకా అని వెతికితే, పాత్రలో మిగిలిన రవ్వంత నికెల్! ఇంకొకరైతే పాత్ర తోమేసి ఊరుకునేవారు. వీళ్లు మిగతా లోహాలనూ ఒక్కొక్కటే పరీక్షించారు. 1953లో టైటానియంతో పంట పండింది: మామూలు పీడనంలో, గాజు సీసాలోనే పాలిథిలీన్!

ఎలా? టైటానియం పరమాణువుకు ఒక పక్క పెరుగుతున్న గొలుసు, ఇంకో పక్క ఖాళీ చోటు. ఇథిలీన్ ఆ ఖాళీలో వాలుతుంది. దాని జంట బంధంలో ఒకటి తెగి, అణువు లోహానికీ గొలుసుకూ మధ్య దూరుతుంది. మళ్లీ ఖాళీ, మళ్లీ ఇంకో ఇథిలీన్. అంటే గొలుసు కొసన కాదు, వెంట్రుకలా కుదురు దగ్గర పెరుగుతుంది. కొమ్మలు దాదాపు ఉండవు కాబట్టి గొలుసులు దగ్గరగా సర్దుకుంటాయి. గట్టిదనం అందుకే.

1954లో ఇటలీలో జూలియో నట్టా ఇదే పద్ధతిలో ప్రొపిలీన్ అణువులను పేర్చి పాలిప్రొపిలీన్ చేశాడు. ఇద్దరికీ 1963లో నోబెల్ వచ్చింది. మీ టిఫిన్ డబ్బా తిరగేసి చూడండి, త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలిప్రొపిలీనే.