కీలు దాటే తీగ

పాఠ్యభాగ ఉద్దేశం

లాప్‌టాప్ మూతను, మడత సెల్‌ఫోనును మనం రోజుకు ఎన్నోసార్లు తెరుస్తాం, మూస్తాం. ఆ మడతలో నుండి విద్యుత్తు ఏ దారిన ప్రయాణిస్తుందో మాత్రం ఆలోచించం. ఆ దారిని ఇంజనీర్లు ఎలా ఏర్పరుస్తారో, అందులో చిన్న లోపం ఎంత నష్టానికి కారణమవుతుందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

రెండు పనులు చేసే కీలు

తలుపుకు బందు ఉంటుంది. మోచేతికి కీలు ఉంటుంది. రెండు భాగాలను కలిపి ఉంచుతూనే వాటిని తిరగనివ్వడం ఈ రెండింటి పని. అయితే వీటి మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. తలుపు బందు తలుపును మోస్తూ తిరిగితే చాలు. మోచేతి కీలు అంతటితో సరిపెట్టుకోలేదు. దాని పక్కగా రక్తనాళాలు, నాడులు ముంజేతికి చేరాలి. చేయి ఎన్నిసార్లు ముడిచినా, చాచినా అవి నలగకూడదు, తెగకూడదు. మోచేతి లోపలివైపు ఎముక వెనుక ఒక గాడిలో నుండి పోయే నాడి చేయి ముడిచినప్పుడల్లా కొంత సాగుతుంది. అక్కడ దెబ్బ తగిలితే చిటికెన వేలి వరకు జివ్వుమనడం మనందరికీ అనుభవమే. కీలును దాటే దారి ఎంత సున్నితమైనదో ఆ ఒక్క అనుభవం తెలియజేస్తుంది.

లాప్‌టాప్ కీలు మోచేతి కీలు వంటిది. బ్యాటరీ, లెక్కలు చేసే చిప్పులు కింది భాగంలో ఉంటాయి. తెర, కెమెరా మూతలో ఉంటాయి. చాలా లాప్‌టాప్‌లలో వైఫై సంకేతాలను అందుకునే యాంటెన్నాలు కూడా మూతలోనే ఉంటాయి. తెరకు వెలుగునిచ్చే విద్యుత్తు, బొమ్మను తెచ్చే సంకేతాలు, కెమెరా తీగలు, యాంటెన్నా తీగలు అన్నీ ఆ సన్నని మడతను దాటక తప్పదు. మూతను పడిపోకుండా ఏ కోణంలోనైనా నిలపడం కీలు మొదటి పని. తీగలకు క్షేమంగా దారి ఇవ్వడం రెండవ పని. మొదటి పని కంటికి కనిపిస్తుంది. రెండవది చెడిపోయే వరకు కనిపించదు.

మూత పుట్టిన కథ

మొదటి నుండి కంప్యూటర్లకు ఇటువంటి మూత లేదు. 1981లో అమెరికాలో వెలువడిన ఆస్‌బోర్న్-1 అనే కంప్యూటరును చేత పట్టుకొని తీసుకుపోవచ్చు. కాని అది సుమారు 11 కిలోల బరువున్న పెట్టె. తెర పెట్టెలోనే బిగించి ఉండేది. మీటల ఫలకం విడిగా వచ్చి, బయటి తీగతో పెట్టెకు కలిసి ఉండేది. మరుసటి ఏడు, 1982లో, గ్రిడ్ కంపాస్ అనే కంప్యూటరు వచ్చింది. దాని రూపకర్త బ్రిటన్‌కు చెందిన బిల్ మాగ్‌రిడ్జ్. పలుచని తెరను మీటల ఫలకం మీదికి పుస్తకంలా మడిచే ఏర్పాటు చేసింది ఆయనే. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దానిని స్పేస్ షటిల్ యాత్రలలో వాడింది. నేటి లాప్‌టాప్‌లన్నీ ఆ మడత సంప్రదాయానికే చెందినవి.

1996లో మోటరోలా సంస్థ స్టార్‌టాక్ అనే మడత సెల్‌ఫోనును విడుదల చేసింది. లాప్‌టాప్‌లో వెడల్పైన మూత, రెండు కీళ్ళు ఉంటాయి. జేబులో పట్టే ఫోనులో అంత చోటు లేదు. దానితో తీగలకు దారి వేసే సమస్య మరింత జటిలమైంది.

తీగ ఎందుకు తెగుతుంది?

ఇనుప తీగను కోయడానికి పటకారు లేనప్పుడు మనం ఏం చేస్తాం? ఒకే చోట అటూ ఇటూ పదిసార్లు వంచుతాం. మొదటి వంపుకు లొంగిన తీగ చివరి వంపుకు పుటుక్కున తెగుతుంది. లాగి తెంచడానికి ఎంతో బలం కావాలి. మార్చి మార్చి వంచితే కొద్ది బలమే సరిపోతుంది. దీనినే లోహపు అలసట అంటారు.

ఈ అలసట శాస్త్రజ్ఞుల దృష్టిని విశేషంగా ఆకర్షించింది చిన్న తీగలలో కాదు, రైలు ఇరుసులలో. 1842 మే 8న ఫ్రాన్సులో వర్సాయి నుండి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, ఘోర ప్రమాదం జరిగింది. 50 మందికి పైగా మరణించారు. తరువాతి దశాబ్దాలలో జర్మనీకి చెందిన రైల్వే ఇంజనీరు అగస్ట్ వోలర్ ఇరుసులపై సుదీర్ఘమైన పరీక్షలు జరిపాడు. ఒక్కసారి మోపితే ఏ హానీ చేయని భారం, లక్షలసార్లు మోపితే ఉక్కును సైతం విరగగొడుతుందని ఆ పరీక్షలు నిరూపించాయి.

వంగే తీగలో జరిగేది కూడా ఇదే. ఒక పొరను వంచినప్పుడు వంపు బయటి వైపు సాగుతుంది. లోపలి వైపు కుదించుకుపోతుంది. ఈ రెండింటి నడుమ సాగని, కుదించుకుపోని తలం ఒకటి ఉంటుంది. దానిని తటస్థ తలం అంటారు. పైపొరలో కలిగే వికృతిని కనుక్కోవడం తేలిక. పొర మందాన్ని వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే చాలు. పొర మందం 0.1 మిల్లీమీటరు, వంపు వ్యాసార్ధం 5 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు వికృతి నూటికి 1 వంతు. అదే పొరను 1 మిల్లీమీటరు వ్యాసార్ధంతో ఇరుకుగా మడిస్తే వికృతి నూటికి 5 వంతులు అవుతుంది. రాగి ఒకసారి అంత సాగినా ఓర్చుకుంటుంది. వేలసార్లు సాగితే ఓర్చుకోలేదు.

దీని నుండి మూడు సూత్రాలు లభిస్తున్నాయి. వంగే వస్తువు పలుచగా ఉండాలి. వంపు విశాలంగా ఉండాలి. రాగి తటస్థ తలానికి వీలైనంత దగ్గరగా ఉండాలి.

దారి వేసే పద్ధతులు

మొదటి పద్ధతి తీగను పురి తిప్పడం. కీలు ఇరుసును బోలుగా చేసి, తీగల కట్టను దాని మధ్య నుండి పోనిస్తారు. వెంట్రుక వలె సన్నని తీగలను అనేకం కట్టగా చేర్చడం వల్ల ఒక్కొక్క తీగకు కలిగే శ్రమ తగ్గుతుంది. మూత తిరిగినప్పుడు ఈ కట్ట ఒకచోట మడత పడదు, తాడు వలె తన పొడవునా మెల్లగా మెలి తిరుగుతుంది. మెలి పడే పొడవు ఎంత ఎక్కువైతే ఒక్కొక్క భాగంపై పడే భారం అంత తక్కువ.

తీగ ఇరుసు మధ్య నుండి పోవడంలో మరొక లాభం ఉంది. తీగ ఇరుసుకు దూరంగా, బయటి వైపు నుండి చుట్టి వస్తే, మూత తిరిగే కొద్దీ దానికి అదనపు పొడవు కావాలి. ఇరుసు కేంద్రం నుండి 4 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న తీగకు, మూత 90 డిగ్రీలు తిరిగితే, సుమారు 6.3 మిల్లీమీటర్ల పొడవు అదనంగా అవసరమవుతుంది. ఆ పొడవును ముందుగా వదలకపోతే తీగ బిగుసుకొని లాగబడుతుంది. మరీ ఎక్కువ వదిలితే మూత మూసినప్పుడు ఆ వదులు భాగం నడుమ చిక్కి నలుగుతుంది. కనుక ఇంజనీరు కత్తి మీద సాము చేయవలసి వస్తుంది.

రెండవ పద్ధతి పలుచని పట్టీని వాడడం. పాలిఇమైడ్ అనే ప్లాస్టిక్ పొరపై రాగి దారులను ఏర్పరచి, పైన మరొక పొరను అతికిస్తారు. రెండు వైపులా సమానమైన మందం ఉంటే రాగి సరిగ్గా తటస్థ తలంలో నిలుస్తుంది. అందువల్ల పట్టీ వంగినా రాగికి సాగే అవసరం అతి స్వల్పం. వంగే చోట చిప్పులను అతికించరు, రంధ్రాలు చేయరు. రాగి దారులు మడతకు అడ్డంగా, నిటారుగా దాటేటట్లు గీస్తారు. రాగిని కూడా రోలర్ల మధ్య ఒత్తి, వేడిచేసి మెత్తబరచినదే ఎంచుకుంటారు. విద్యుద్విశ్లేషణ ద్వారా పొరగా పేర్చిన రాగి కంటె ఇది వంపులకు ఎక్కువగా ఓర్చుకుంటుంది.

మూడవ పద్ధతి చుట్ట చుట్టడం. కారు స్టీరింగు చక్రంలో గాలిసంచి ఉంటుంది. చక్రం ఎన్ని చుట్లు తిరిగినా దానికి విద్యుత్ సంబంధం తెగకూడదు. అందుకని చదునైన పట్టీని గడియారపు స్ప్రింగు వలె చుట్ట చుట్టి అమరుస్తారు. చక్రం తిరిగినప్పుడు చుట్ట బిగుస్తుంది లేదా వదులవుతుంది, పట్టీ ఎక్కడా మడత పడదు. మడత సెల్‌ఫోన్ల కీళ్ళలో కూడా ఈ ఉపాయాన్నే వాడారు. ఫోను 180 డిగ్రీలు తెరుచుకున్నదనుకుందాం. చుట్టలో 5 చుట్లు ఉంటే ఒక్కొక్క చుట్టు పంచుకునేది 36 డిగ్రీలే. భారాన్ని నలుగురూ పంచుకుంటే ఎవరికీ బరువు కాదన్న మాట తీగకు కూడా వర్తిస్తుంది.

పద్ధతి ఏదైనా ఒక జాగ్రత్త తప్పనిసరి. బావిలో నుండి నీళ్ళు తోడే చేంతాడు గిలక ఒరుసుకున్న చోటనే ముందుగా పీచు రేగుతుంది. కీలులోని తీగ కూడా పదునైన లోహపు అంచుకు తగిలితే వంపు కంటె ముందే రాపిడికి అరిగిపోతుంది. అందువల్ల అంచులను నునుపు చేస్తారు. తీగను రెండు కొనలలోను గట్టిగా పట్టి ఉంచుతారు. అప్పుడు లాగుడు బలం అతుకు మీద పడదు.

రెండు మిల్లీమీటర్ల పాఠం

ఈ సూత్రాలు ఎంతటి పెద్ద సంస్థకైనా వర్తిస్తాయని ఒక ఉదంతం తెలియజేస్తుంది. 2016లో ఆపిల్ సంస్థ మ్యాక్‌బుక్ ప్రో అనే లాప్‌టాప్‌ను మునుపటి కంటె పలుచగా రూపొందించింది. పాత నమూనాలో తెర తీగలు కీలులో నుండి పోయేవి. కొత్త నమూనాలో వాటి బదులు పలుచని పట్టీలు వాడి, వాటిని కీలు వద్ద ఒక చిన్న ఫలకం మీదుగా చుట్టి పోనిచ్చారు. మూత తెరిచినప్పుడల్లా ఆ పట్టీలు బిగుసుకొని, ఫలకాన్ని ఒరుసుకునేవి.

కొన్నవారికి మొదట ఏ లోపమూ కనిపించలేదు. కొంతకాలం గడిచాక కొందరి లాప్‌టాప్‌లలో తెర అడుగున వెలుగు నీడలు చారలుగా పడసాగాయి. అవి నాటక వేదిక ముందు అమర్చిన దీపాల వరుసను తలపించేవి. తరువాత మూతను కొంత కోణం దాటి తెరిస్తే తెర పూర్తిగా చీకటయ్యేది. మూతను కొద్దిగా దించితే మళ్ళీ వెలిగేది. మరమ్మతు సమాచారం అందించే ఐఫిక్సిట్ సంస్థ 2019 జనవరిలో ఈ లోపాన్ని వెల్లడించింది. 2018 నమూనాలో ఆ పట్టీ 2 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నట్లు కూడా ఆ సంస్థ గుర్తించింది. 2019 మే నెలలో ఆపిల్ 2016 నాటి 13 అంగుళాల నమూనాలకు ఉచిత మరమ్మతు పథకాన్ని ప్రకటించింది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. ఆ పట్టీ తెరతో కలిసిపోయిన భాగం. విడిగా మార్చే వీలు లేదు. స్వల్పమైన పట్టీ అరిగినందుకు చక్కగా పనిచేస్తున్న ఖరీదైన తెరను మొత్తంగా మార్చవలసి వచ్చేది. పట్టీని విడదీయగల రీతిలో రూపొందించి ఉంటే, అదే లోపం చిన్న మరమ్మతుతో తీరిపోయేది. తెగని దారి వేయడం ఇంజనీరు విధి. తెగినా మార్చుకోగల దారి వేయడం కూడా అతని విధే.

తెరయే మడత పడితే

2019 నుండి తెర సైతం మడిచే ఫోన్లు విస్తృతంగా మార్కెట్టుకు వచ్చాయి. శామ్‌సంగ్ సంస్థ గెలాక్సీ ఫోల్డ్ అనే ఫోనును 2019 ఏప్రిల్‌లో విడుదల చేయదలచింది. పరీక్ష కోసం విలేఖరులకు ఇచ్చిన ఫోన్లలో కొన్ని కొద్ది రోజులకే చెడిపోయాయి. కీలు పైన, కింద ఉన్న సన్నని సందులు లోపాలలో ఒకటిగా తేలాయి. విడుదలను వాయిదా వేసి, ఆ సందులకు మూతలు అమర్చి, సెప్టెంబరులో ఫోనును అమ్మకానికి పెట్టారు. 2020లో వచ్చిన గెలాక్సీ జెడ్ ఫ్లిప్ కీలులో దుమ్మును ఊడ్చే సన్నని నైలాన్ పోగులను అమర్చారు.

తమ ఫోన్లు 2 లక్షల మడతలకు ఓర్చుకోగలవని ఆ సంస్థ ప్రకటించింది. రోజుకు 100 సార్లు తెరిచి మూసినా అది 5 ఏళ్ళకు పైగా సరిపోయే లెక్క. అయితే ప్రయోగశాలలో ఫోనును మడిచే యంత్రానికి జేబు లేదు. అందులో ఇసుక రేణువు లేదు. లెక్కకు, జీవితానికి మధ్య ఉండే ఈ తేడాను ముందే ఊహించగలగడమే మంచి రూపకల్పన.

మన బాధ్యత

మరమ్మతుకు వీలులేని వస్తువు త్వరగా చెత్తకుప్పకు చేరుతుంది. ఈ సంగతిని ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. ఫ్రాన్సులో 2021 జనవరి నుండి లాప్‌టాప్, సెల్‌ఫోన్ వంటి వస్తువులపై అవి ఎంత తేలికగా మరమ్మతుకు లొంగుతాయో తెలిపే మార్కులను ముద్రించాలన్న నియమం అమలులోకి వచ్చింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కుకు సంబంధించిన వెబ్‌సైటును ప్రారంభించింది.

వాడేవారు పాటించవలసిన జాగ్రత్తలు కూడా కొన్ని ఉన్నాయి. లాప్‌టాప్ మూతను ఒక మూల పట్టి గాక, మధ్యలో పట్టి తెరవాలి. తెరను పట్టుకొని లాప్‌టాప్‌ను ఎత్తరాదు. కీలు బిగుసుకుపోయినా, కిర్రుమన్నా ఆలస్యం చేయక నిపుణునికి చూపాలి. మూత కోణం మార్చినప్పుడల్లా తెర మీది బొమ్మ మారుతూ ఉంటే లోపం తెరలో కాక తీగలో ఉండవచ్చు. తెర మొత్తాన్ని మార్చడానికి అంగీకరించే ముందు తీగను పరీక్షించమని అడగాలి. ఎంతో కష్టపడి తల్లిదండ్రులు కొనిచ్చిన లాప్‌టాప్ మరికొన్ని ఏళ్ళు పనిచేయడానికి ఆ ఒక్క ప్రశ్న తోడ్పడవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

జటిలం = చిక్కైనది
ఇరుసు = చక్రం వంటివి తిరగడానికి ఆధారమైన కడ్డీ
వికృతి = బలం వల్ల వస్తువు ఆకారంలో, పరిమాణంలో కలిగే మార్పు
పురి = తాడులో, తీగలో పడే మెలి
గిలక = చేంతాడు తిరిగే చక్రం
ఉదంతం = జరిగిన సంగతి

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. కీలులో నుండి తీగలకు దారి వేసే మూడు పద్ధతులను వివరించండి.
2. 'రెండు మిల్లీమీటర్ల పాఠం' నుండి మీరు గ్రహించిన విషయాలను తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. లాప్‌టాప్ కీలును రచయిత మోచేతి కీలుతో ఎందుకు పోల్చాడు?
2. లోహపు అలసట అంటే ఏమిటి?
3. మీ ఇంట్లో మడత పడే లేదా తిరిగే భాగమున్న విద్యుత్ పరికరాన్ని ఒకదానిని పరిశీలించి, అందులో తీగకు ఏ జాగ్రత్త తీసుకున్నారో వ్రాయండి.