జ్వరం తగ్గింది, మరి చెవులు?

బాక్టీరియల్ మెనింజైటిస్ నుంచి బయటపడి బిడ్డ ఇంటికొస్తే అందరి దృష్టీ కాళ్లూ చేతుల మీదే ఉంటుంది. చెయ్యి పడిపోలేదు కదా, మళ్లీ నడుస్తాడు కదా అని చూసుకుంటారు. చెవుల సంగతి చాలామందికి తట్టదు. ఈ జబ్బు మిగిల్చిపోయే లోపాల్లో తరచుగా కనిపించేది మాత్రం వినికిడి లోపమే.

మెదడునూ వెన్నుపామునూ కప్పి ఉంచే పొరలకు, వాటి మధ్యనుండే నీటికి బాక్టీరియా సోకడమే బాక్టీరియల్ మెనింజైటిస్. ఆ నీటికీ లోపలి చెవికీ మధ్య సన్నని దారి ఒకటుంది. న్యూమోకాకస్, హిబ్ లాంటి బాక్టీరియా, వాటి విషాలు ఆ దారిన లోపలి చెవిలోని కాక్లియా అనే సుడి గొట్టంలోకి చేరి శబ్దాన్ని పట్టే రోమకణాలను చంపేస్తాయి. జబ్బు మొదలైన తొలి రోజుల్లోనే ఈ నష్టం జరిగిపోతుంది. పోయిన కణాలు మళ్లీ పుట్టవు. బతికి బయటపడ్డ పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఎంతోకొంత వినికిడి తగ్గుతుంది. న్యూమోకాకస్ అయితే ఇంకా ఎక్కువమందికి.

మిగతావీ చిన్నవి కావు. ఫిట్స్ రావచ్చు. రక్తనాళం మూసుకుపోయి ఒక పక్క చచ్చుబడవచ్చు. తలలో నీరు చేరితే పసిపిల్లల్లో మాడు ఉబ్బుతుంది, తల చుట్టుకొలత వారం వారం పెరిగిపోతుంది. కొందరికి ఆ నీటిని బయటకు మళ్లించే షంట్ అనే గొట్టం వేయాల్సి వస్తుంది. చదువులో వెనకబాటు బడికి వెళ్లేదాకా బయటపడకపోవచ్చు.

వైద్యం ఆలస్యమైనకొద్దీ ఈ ముప్పులన్నీ పెరుగుతాయి. వెన్నులోంచి నీరు తీస్తే నడుము పడిపోతుందన్న భయంతో, జబ్బును తేల్చే ఆ పరీక్షకు ఒప్పుకోని కుటుంబాలున్నాయి. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. జబ్బే రాకుండా చూసేందుకు పెంటావాలెంట్ టీకాలో హిబ్ టీకా కూడా కలిసి ఉంది. న్యూమోకాకస్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల: మూడు డోసులూ పడాలి.

మళ్లీ చెవుల దగ్గరికొస్తే, ఇంట్లో చేసే పరీక్షల్ని నమ్మకండి. వెనక నిలబడి చప్పట్లు కొడితే పాప తిరిగి చూస్తుంది, వినబడుతోందని అమ్మమ్మ సంతోషిస్తుంది. పాప తిరిగింది నేల మీది నీడను చూసి కావచ్చు, మంచం అదిరి కావచ్చు. అంతకుముందు అత్త, తాత అంటూ ముద్దుమాటలాడిన బిడ్డ మెల్లగా మౌనమైపోతే అది నీరసమని సరిపెట్టుకోవద్దు. డిశ్చార్జికి ముందే, కుదరకపోతే నాలుగు వారాల్లోపు, బెరా లాంటి వినికిడి పరీక్ష చేయించాలి.

ఇంత తొందర ఎందుకంటే, లోపలి చెవిలో వాపు తగ్గాక కొందరు పిల్లల్లో కాక్లియా లోపల ఎముక పెరిగి ఆ గొట్టం పూడిపోతుంది. కొన్ని వారాల్లోనే ఇది మొదలుకావచ్చు. పూర్తిగా పూడితే, వినికిడి కోసం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పరికరపు తీగను లోపలికి పంపడం కష్టం. అందుకే తీవ్రంగా వినికిడి పోయిందని తేలిన రోజే ఎంఆర్ఐ గురించి, ఆపరేషన్ గురించి ఈఎన్‌టీ డాక్టరును అడగాలి. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌కు వయసు నిబంధన ఉంటుంది కాబట్టి, బెరా రిపోర్టు చేతికందగానే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి కాగితాలు మొదలుపెట్టాలి.