తాత తవ్విన బావికి మనవడి కాపలా

(కళ్యాణదుర్గం ప్రాంతం నుంచి మా విలేకరి)

ఉద్యోగం దిగిపోయిన మనిషికి పొద్దు పోదంటారు. కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం పోయే దారికి కాస్త లోపలగా ఉన్న ఒక పల్లెలో, డెబ్బై దాటిన ఒక రిటైర్డు ఆర్టీసీ కండక్టరుకు మాత్రం పొద్దు చాలడం లేదు. ఆయన పెట్టుకున్న పని ఒక పాత బావికి కాపలా కాయడం. ఆ బావి ఆయన తాత తవ్వించినది. దాన్ని పూడ్చి స్థలం అమ్ముదామంటారు కొడుకులు. పూడ్చడానికి వీల్లేదంటాడు తండ్రి. రెండేళ్లుగా ఆ ఇంట్లో నలుగుతున్న ఈ వాదన ఇప్పుడు ఊరి రచ్చకట్ట మీదికి కూడా వచ్చింది.

పేపర్లో తన పేరు వేయవద్దని ఆయన కోరారు. "ముప్ఫై నాలుగేండ్లు నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదప్పా. కండక్టరు తాత అని రాయి, అందరికీ తెలుస్తుంది" అన్నారు నవ్వుతూ.

ముడుల తాడుతో తెల్లవారుతుంది

1978లో ఉద్యోగంలో చేరి 2012లో దిగిపోయారు. మొదటి బస్సు డ్యూటీకి లేచిన అలవాటు ఇంకా పోలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకే మెలకువ వస్తుంది. మొహం కడుక్కుని, టార్చిలైటు పట్టుకుని నేరుగా బావి దగ్గరికి నడుస్తారు. అక్కడ చింతచెట్టు కొమ్మకు ఒక తాడు వేలాడుతుంటుంది. అడుగడుగుకూ ఒక ముడి, చివర ఒక రాయి. ఆ తాడును బావిలోకి వదిలి, పైకి లాగి, ఎన్ని ముడులు తడిశాయో చూసి నోటు పుస్తకంలో రాసుకుంటారు. తేదీ, నీటి లోతు, వాన పడితే వాన. కండక్టరుగా ఉన్నప్పుడు టికెట్ల లెక్క రాసినట్టే గీతలు కొట్టి, అంకెలు వరుసగా ఉంటాయి. ఇప్పటికి అలాంటి పుస్తకాలు ఏడు నిండాయి.

తర్వాత ఉగ్గాని తిని బస్టాపు చేరతారు. ఎనిమిది గంటల పల్లెవెలుగు వచ్చేదాకా అక్కడే. ఏ బస్సు ఎక్కడ మారాలి, పిల్లల పాసుకు ఏ కాగితాలు కావాలి అని అడిగేవాళ్లకు కొదవ లేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు ఆయన భార్య సున్నా టికెట్టు తెచ్చి చూపించిందట. "ఇన్నేండ్లు నేను కొట్టిన టికెట్లలో ఇట్లాంటిది ఒక్కటీ లేదు" అని ఆ టికెట్టును పుస్తకంలో దాచుకున్నారు.

మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి. కాసేపు నడుం వాల్చి, రచ్చకట్ట మీద పేపరు పైకి చదివి పదిమందికి వినిపిస్తారు. సాయంత్రం మళ్లీ బావి.

ఆస్తి అంటే పెద్దగా లేదు. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకున్నారు. ఈయన దానికి ఎనిమిదేళ్ల ముందే దిగిపోయారు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద వచ్చేది నెలకు నాలుగు వేలు దాటదు. మూడెకరాల మెట్ట, ఒక ఇల్లు, ఈ బావి. అందుకే పూడ్చే మాట తేలిగ్గా తీసేసేది కాదని ఆయనకూ తెలుసు.

కరువు తవ్వించిన బావి

ఈ బావి కరువులో పుట్టింది. 1952లో రాయలసీమను కరువు పట్టినప్పుడు ప్రభుత్వం పల్లెల్లో గంజి కేంద్రాలు పెట్టింది. ఆయన తాత, అవ్వ ఆ వరుసలో చెంబు పట్టుకుని నిలబడ్డవాళ్లే. 1876-78 నాటి ధాత కరువులో జనం ఆకులు అలములు తిన్న సంగతి తాతకు ఆయన తండ్రి చెప్పాడు. గంజి చెంబు చేత పట్టుకున్న రోజున తాతకు ఆ మాటలు గుర్తుకొచ్చాయి. మన బిడ్డలు మళ్లీ వరుసలో నిలబడకూడదు అన్నాడట.

చేతిలో డబ్బు లేదు. అవ్వ నడుముకున్న వెండి డాబు తీసి ఇచ్చింది. ఆ డబ్బుతో మూడు వేసవులు తవ్వారు. పైన మట్టి, కింద గట్టి బండ. ఒడ్డెవాళ్లు సమ్మెటలతో బండకు తూట్లు కొట్టి, మందు పెట్టి పేల్చేవారు. అవ్వ, చిన్నవ్వ గంపలతో రాళ్లు, మట్టి పైకి మోశారు. ఆరు నిలువుల లోతుకు పోయాక తూర్పు పక్కన ఊట పడింది. అది 1954. ఆ ఏడే ఈ మనవడు పుట్టాడు. "నీళ్లొచ్చినాయి, నువ్వొచ్చినావు అనేది మా అవ్వ. బావి నాకు తోబుట్టువు మాదిరి" అంటారాయన.

మోకు మీద కూర్చుని ఎక్కాలు

చిన్నతనంలో ఆయనకు బడికన్నా ముందు బడి ఆ బావి గట్టే. అప్పట్లో నీళ్లు తోడేది కపిలతో. నేటి పిల్లలు చూసి ఉండరు కాబట్టి చెప్పుకోవాలి. బావి మీద గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర ఇనుప బాన. బాన అడుగున తోలు తొండం ఉంటుంది. ఆ తొండానికి వేరే సన్న తాడు. రెండు ఎద్దులు వాలుదారి వెంట కిందికి దిగుతుంటే నిండిన బాన పైకి వస్తుంది. తొండం గట్టు అంచుకు వచ్చి తెరుచుకుని నీళ్లు తొట్టిలో పడి కాలువకు పోతాయి. ఎద్దులు దిగేటప్పుడు తోలే మనిషి మోకు మీద కూర్చుంటాడు. ఆ బరువు ఎద్దులకు సాయం.

"తాత ఒళ్లో నేను కూర్చునేవాణ్ణి. బాన పైకొస్తుంటే మేము కిందికి పోతుంటాం. ఉయ్యాల మాదిరి ఉండేది" అని చెబుతున్నప్పుడు ఆయన కళ్లు మెరిశాయి. కపిల తోలేవాళ్లు పాట పాడుకుంటూ బానలు లెక్కపెట్టేవారు. పది బానలకు ఒక గులకరాయి పక్కన పెట్టడం మనవడి పని. పది రాళ్లయితే నూరు బానలు, ఆ పూటకు చాలు. ఇంకా నీళ్లున్నా తాత ఎద్దులను విప్పేసేవాడు. రాళ్ల లెక్కలో ఒక్కటి తప్పినా ఒప్పుకునేవాడు కాదు. కండక్టరుగా ఉన్నన్నాళ్లూ క్యాషు తక్కువ రాకుండా కాపాడింది ఆ లెక్కేనంటారు.

విత్తనం పెట్టే ముందు తాత ముడుల తాడు దించి చూసేవాడు. నీళ్లు మూడు నిలువులుంటే అర ఎకరా రాగి మడి, మిరప. రెండు నిలువులుంటే ఉల్లి, కూరగాయలు మాత్రమే. అంతకన్నా తగ్గితే ఏమీ వేయకుండా పశువులకూ తాగడానికీ వదిలేసేవాడు. బావిని అడిగి పంట వేయాలనేది తాత మాట.

అవ్వ పాతర

బావి తాతదైతే గింజ అవ్వది. మెట్టలో కొర్ర, సజ్జ, జొన్న, వాటి నడుమ కంది, అలసంద వేసేవారు. ఒకటి పోయినా ఒకటి నిలిచేది. పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్ల తరబడి పురుగు పట్టవు. జొన్నలు ఇంటి ముందు పాతరలో పోసేవారు. నేలలో గుంత తీసి, లోపల గడ్డి పరిచి, గింజ పోసి, పైన మూసి మట్టి కప్పడం. పాతర తీసేటప్పుడు అవ్వ పిల్లలను దగ్గరికి రానిచ్చేది కాదు. మూత తీసి ఒక పూట వదిలేసి, దీపం దించి, అది ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగాలి. లోపలి గాలి చెడ్డది.

విత్తనాలు వేరు. కుండలో బూడిద, వేపాకు కలిపి పోసి, మూతి మీద పేడ అలికేది. ఎంత ఆకలైనా ఆ కుండ జోలికి పోకూడదు. ఒక ఏడాది ఉత్తర కార్తె కూడా ఎండిపోయింది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత ప్రకారం ఊళ్లో సగంమంది గంప ఎత్తి వలస పోయారు. అవ్వ రాత్రిపూట తాను తినకుండా పిల్లలకు సంగటి పెట్టింది గానీ విత్తనం కుండ తెరవలేదు. మరుసటి మృగశిరలో వాన పడినప్పుడు ఆ వీధిలో విత్తనం ఉన్నది వాళ్లింట్లోనే. అడిగినవాళ్లందరికీ చేరెడు చేరెడు పంచింది.

అలుపులేని మోటారు

తర్వాత కరెంటు వచ్చింది, చిన్నాయన బావికి మోటారు పెట్టించాడు. తాత ఒక రోజంతా దాని పక్కన కూర్చుని చూసి, "ఎద్దుకు అలుపొస్తుంది. అది ఆగినప్పుడు బావి ఊరుతుంది. దీనికి అలుపే లేదు గదరా" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. జిల్లా అంతా వేరుశనగ పరుచుకుంది. కొర్ర పోయింది, పాతర పూడిపోయింది. ఆ తర్వాత బోర్లు వచ్చాయి. చుట్టూ బోర్లు దిగేకొద్దీ బావి అడుగంటింది. ఈ కండక్టరు కుటుంబమే నాలుగు బోర్లు వేసింది. రెండింటిలో దుమ్మే వచ్చింది. ఆ అప్పు ఆయన పీఎఫ్ డబ్బుతో తీరింది. బోర్లకు అనుమతి ఉండాలంటూ 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చేసరికే చాలా బావులు ఎండిపోయాయి.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త వాన కూడా నాలుగు రోజుల్లో కురిసి వంకల్లో పోతుంది. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. ఆ పనుల కింద ఊళ్లో నీటి గుంతలు తీసినప్పుడు ఆయన అక్కడ నిలబడి చూశారు. దిగిపోయాక సొంతంగా మొదలుపెట్టారు. పొలం పైభాగం నుంచి ఒక కాలువ, బావికి ముందు మట్టి దిగడానికి ఒక గుంత, దాన్నిండా కంకర. తేరుకున్న నీళ్లు బావిలోకి. కూలీలను పెట్టి రెండు వేసవుల్లో పూడిక తీయించారు. పిల్లలు పడకుండా మూడడుగుల గోడ, పైన ఇనుప జాలీ.

ఇప్పుడు మంచి వాన పడిన ఏడాది పది పన్నెండు ముడులు తడుస్తాయి. ఎండాకాలం నాటికి మళ్లీ అడుగు కనిపిస్తుంది. ఆ సంగతి దాచరు. పక్క రైతులు తమ బోర్లలో నీళ్లు కొంచెం మెరుగైనాయంటారు. అది బావి వల్లనా, వానల వల్లనా అని అడిగితే, "తేల్చి చెప్పలేనప్పా. పుస్తకం రాస్తున్నాను. ఇంకో పదేండ్లు రాస్తే ఎవరన్నా చదువుకున్నోళ్లు చూసి చెప్పాల" అన్నారు.

కొడుకుల మాట

బెంగళూరులో ఉంటున్న కొడుకుల మాటలోనూ న్యాయం లేకపోలేదు. బావి ఉన్నది రోడ్డు పక్క. స్థలాల ధర పెరిగింది. పెద్దకొడుకు కూతురు ఇంజనీరింగు చదువుకు వచ్చింది. "నాయన నాలుగు వేల పింఛనుతో ఎన్నాళ్లు? రేపు ఒళ్లు బాగాలేకపోతే బావి చూపించి ఆసుపత్రిలో చేర్చుకోమంటామా?" అని చిన్నకొడుకు ఫోనులో ఈ విలేకరిని అడిగారు. తండ్రి దానికి ఎదురు చెప్పలేదు. బావిని, దాని చుట్టూ పది సెంట్లను వదిలి మిగతా రోడ్డు పక్క నేల అమ్ముకోవడానికి సంతకం చేస్తానని చెప్పారు. పది సెంట్లు పోతే ధర తగ్గుతుందని కొనేవాళ్లు అంటున్నారు. దసరాకు అందరూ కూర్చుని తేల్చుకోవాలని అనుకున్నారు.

ఈ తగవులో తాత పక్షం వహించింది ఆ మనవరాలే. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసి, "తాతా, ఈ వారం ఎన్ని ముడులు?" అని అడిగి తన దగ్గర కూడా రాసుకుంటోంది.

ఊళ్లో ఇలాంటి కపిల బావులు ఇంకా పదకొండు ఉన్నాయి. కొన్ని చెత్తకుప్పలయ్యాయి, కొన్నింటికి గోడ కూడా లేదు. ఈయనను చూసి మూడు కుటుంబాలు తమ బావుల్లో చెత్త తీయించాయి. రోడ్డు మోరీల కింద వృథాగా పోయే వాన నీటిని ఆ బావుల వైపు మళ్లించడానికి కాలువలు తీయించాలని, గోడలేని బావుల చుట్టూ ముందుగా కంచె వేయించాలని గ్రామస్తులు పంచాయతీ వారిని కోరుతున్నారు.