గడప నుంచి గుడి దాకా

అంధులైన తల్లిదండ్రులను కావడిలో కూర్చోబెట్టుకొని తీర్థయాత్రలు చేయించిన శ్రవణకుమారుని కథ వినని తెలుగు లోగిలి ఉండదు. నిజానికి వాల్మీకి మహర్షి ఆ మునికుమారునికి పేరు చెప్పలేదు, కావడి ప్రసక్తీ తేలేదు. అవి తరువాతి కాలంలో లోకం ప్రేమతో చేర్చుకున్నవి. నడవలేని పెద్దలను మోసుకువెళ్లే కొడుకు లోకానికి అంతగా కావలసి వచ్చాడన్నమాట. నేడు ఆ కొడుకు దూరదేశంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. కావడి మోసే భుజం ఇంట లేదు.

మా ఆలయానికి ప్రతి ఏకాదశికీ వచ్చే పెద్దావిడ ఒకరు మోకాళ్లు సహకరించక చక్రాల కుర్చీకే పరిమితమైనారు. తిరుమలలో అరవై ఐదేళ్లు నిండినవారికి, దివ్యాంగులకు ప్రత్యేక దర్శనం ఉన్న సంగతి పాఠకులెరిగినదే. హైదరాబాదులోని మనుమడు ఆమెకు ఆ టోకెను ఆన్‌లైన్‌లో తీసిపెట్టాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కలేనివారికి ఘాట్ రోడ్డు బస్సులున్నాయి. 2022లో వాటికి విద్యుత్ బస్సులు తోడైనాయి. కొండపైన ఉచిత ధర్మరథాలు తిరుగుతున్నాయి. ఇన్ని ఉండీ ఆమె వెళ్లలేకపోయారు. అడ్డుపడినవి ఏడుకొండలు కావు, ఇంటికీ బస్టాండుకూ నడుమ ఉన్న రెండు కిలోమీటర్లు. వస్తానన్న ఆటో కుర్చీని చూసి వెనుదిరిగింది. ఎలాగో బస్టాండు చేరితే బస్సు మొదటి మెట్టే మోకాలెత్తు! మరునాడు నేను ప్రసాదం పట్టుకొని వెళ్లగా, ఆ టోకెను కాగితం నా చేతిలో పెట్టి, “అయ్యగారూ, దీన్ని స్వామి పాదాల చెంత ఉంచండి. పారేయడానికి చేయి రావటం లేదు” అన్నారు.

బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు దివ్యాంగులకు అనువుగా ఉండాలనీ, పాత వాహనాలను సైతం సాంకేతికంగా సాధ్యమైన మేరకు మార్చాలనీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. కానీ గడప వద్దకు రావలసినది ఊరే కదా!

ఆ కాగితం చూసిన తరువాత మా వీధి యువకులు ఒక పాత వ్యానుకు వెనుక వాలుపలక అమర్చి, లోపల కుర్చీలు కదలకుండా పట్టీలు బిగించారు. ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి మొదట యాప్ తయారుచేసింది. ఓటీపీలు అడిగే ఆ యాప్ మా వృద్ధులకు వందితో అష్టావక్రుడు చేసిన వాదం కంటె కఠినమైనది! ఎవరూ దాని జోలికి పోలేదు. అప్పుడామె పద్ధతి మార్చింది. దశమి నాటి సాయంత్రం ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు. ఎవరు కుర్చీతో వస్తారో, ఎవరు సీటులో కూర్చోగలరో తిరిగి ఫోను చేసి అడుగుతారు. ఆ వివరాలను బట్టి వీధుల వరుస కంప్యూటరు సిద్ధం చేస్తుంది. వ్యాను ఎక్కడున్నదో ఫోనులోని పటంలో కనిపిస్తుంది గనుక, పది నిమిషాల ముందు ఇంటికి కబురు వెళుతుంది. పెద్దలు వాకిట ఎండలో ఎదురుచూడనక్కరలేదు. ఒక్కొక్క విడతకు రెండు కుర్చీలే పడతాయి.

ఫోనులెత్తి వ్యానును నడిపించేది పోలియోతో కాళ్లు చచ్చుబడిన ఒక యువకుడు. వినత తొందరపడి గుడ్డు చితకగొట్టగా తొడలు లేకుండా పుట్టిన అనూరుడే కదా సూర్యరథానికి సారథి!

ఆ పెద్దావిడ ఇప్పుడు ఏకాదశి తప్పటం లేదు. మనుమడు మళ్లీ టోకెనుకు ప్రయత్నిస్తున్నాడు. బస్టాండు వరకు మా వ్యాను దింపుతుంది. బస్సు మెట్టు మాత్రం ఇంకా మోకాలెత్తునే ఉన్నది.